లెక్క చెప్పి సంతకం పెట్టండి: ఏడాది చివరి గేమ్ జాబితాలు వేసేవాళ్లకు బహిరంగ లేఖ

విజయవాడ,
డిసెంబరు 28, 2025

ఏటా డిసెంబరులో ఉత్తమ వీడియో గేమ్‌ల జాబితాలు వేసే విమర్శకులకు, గేమ్‌లకు ఆస్కార్ లాంటి ది గేమ్ అవార్డ్స్ జ్యూరీలో ఓటేసే సంపాదకులకు, ఆ జాబితాలను మక్కీకి మక్కీ తెలుగులో చదివి వినిపించే మన వీడియో సోదరులకు,

నమస్కారం.

మీలో మొదటి రెండు రకాల వాళ్లకు తెలుగు రాదని నాకు తెలుసు. మీ జాబితాలూ నేను పుట్టిన భాషలో రావు. చెల్లుకు చెల్లు.

నేను గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. డిసెంబరంటే మాకు జీఎస్టీ వార్షిక రిటర్నుల నెల. గడువు 31. సరిగ్గా ఆ వారాల్లోనే మీ టాప్ టెన్‌లు వరసపెట్టి దిగుతాయి. క్లయింటు ఫోన్‌కు ఓటీపీ వచ్చి, ఆయన దాన్ని చదివి చెప్పేలోపు నేను పక్క ట్యాబ్‌లో మీ అయిదో స్థానం నుంచి నాలుగో స్థానానికి వెళ్తుంటాను. ఈ రెండు పనులూ పక్కపక్కన చేయడం వల్లే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మా దగ్గర ఎవరైనా ఒక తెల్లకాగితం మీద "ఈ కంపెనీ లెక్కలు భేష్" అని రాసిస్తే చిత్తుకాగితం కింద లెక్క. ఏ పుస్తకాలు చూశాం, ఎంత మేరకు చూశాం, ఏవి చూడలేకపోయాం అన్నది రాసి, కింద పేరు, సభ్యత్వ సంఖ్య, యూడీఐఎన్ (ఒక్కో పత్రానికి ఉండే ప్రత్యేక సంఖ్య) వేసి సంతకం పెడితేనే బ్యాంకువాడు దాన్ని ముట్టుకుంటాడు. మీ జాబితాకు ఆ కింది భాగమే ఉండదు. పది నుంచి ఒకటి దాకా అంకెలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాల పొగడ్త, పైన సంస్థ బొమ్మ.

ఫలానాది మొదటి స్థానంలో ఎందుకు లేదనే తగాదా కాదిది. అలాంటి తగాదాల్లో మేం ఆరితేరినవాళ్లం. 2014, 2015, 2016 సంవత్సరాల నంది అవార్డులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించినప్పుడు టీవీ చర్చల్లో జరిగిన రభస చూసినవాళ్లకు మీ ఆన్‌లైన్ గొడవలు బొమ్మలకొలువు పేరంటంలా ఉంటాయి. అభిరుచి ఎవరిది వాళ్లది. మీకు నచ్చింది మీరు పైన పెట్టుకోండి. నేనడిగేది దాని కింద ఉండాల్సిన లెక్క.

ముందు గంటల సంగతి చూద్దాం. ఈ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ బరిలో ఆరు నిలిచాయి: క్లేర్ అబ్‌స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33, డెత్ స్ట్రాండింగ్ 2, డాంకీ కాంగ్ బనాంజా, హేడిస్ 2, హాలో నైట్ సిల్క్‌సాంగ్, కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ 2. ఆరూ ఆఖరిదాకా ఆడాలంటే తక్కువలో తక్కువ రెండు వందల గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున పాతిక పనిరోజులు. ఇది ఫైనల్‌కు చేరిన ఆరింటి లెక్క మాత్రమే. ఆ ఆరింటిని ఏరడానికి ముందు ఎన్ని ఆడి ఉండాలి? 2024లో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ఒక్కదాంట్లోనే 18 వేలకు పైగా కొత్త గేమ్‌లు వచ్చాయి. రోజుకు దాదాపు యాభై. ఏ మనిషీ ఇవన్నీ ఆడలేడు, ఆడమని నేనూ అనడం లేదు. వెయ్యి బిల్లులున్న కొట్టుకు వెళ్లినప్పుడు మేమూ అన్నీ తిరగెయ్యం. శాంపిల్ తీస్తాం. కానీ శాంపిల్ తీశామని రాస్తాం. "2025లో వచ్చిన ఉత్తమ గేమ్‌లు" అని మీరు పెట్టే శీర్షికకు అసలు అర్థం "నేను ఆడిన ముప్పై ఎనిమిదిలో నాకు నచ్చినవి" అని. ఆ ముప్పై ఎనిమిది అంకె ఎక్కడా కనపడదు.

ది గేమ్ అవార్డ్స్‌లో ఫలితం 90 శాతం జ్యూరీ చేతిలో, 10 శాతం జనం ఓట్ల చేతిలో ఉంటుంది. జ్యూరీ అంటే వందకు పైగా పత్రికలు, సైట్లు. సంస్థ మొత్తానికి కలిపి ఒకటే బ్యాలెట్. సంపాదక వర్గం అంతా కూర్చుని మాట్లాడుకుని నింపుతుందన్నమాట. బాగానే ఉంది. కానీ అలాంటి గదిలో ఏం జరుగుతుందో నాకు మా అపార్ట్‌మెంట్ మీటింగుల వల్ల తెలుసు. ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని రంగే గోడలకు పడుతుంది. అందరూ పదేసి గంటలు ఆడి "బాగుందిగా" అన్న గేమ్ పైకి వస్తుంది. ఒక్కరే ఆఖరిదాకా ఆడి, రాత్రి రెండింటికి కళ్లు తుడుచుకున్న గేమ్ ఆ గది దాటదు.

2019ని తీసుకోండి. ఆ ఏడాది మే నెలలో ఔటర్ వైల్డ్స్ వచ్చింది. చిన్న సౌరకుటుంబం. చేతిలో ఆయుధం ఉండదు, ఆడేకొద్దీ పెరిగే శక్తులూ ఉండవు. ప్రతి 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటి నుంచి మొదలు. కిందటిసారి తెలుసుకున్న సంగతి ఒక్కటే మనతో మిగులుతుంది. అదే తాళంచెవి. అలాంటి గేమ్‌ను మూడు గంటలు ఆడినవాడికి ఏమీ అర్థం కాదు. ఇరవై గంటలు ఆడినవాడు దాన్ని మరిచిపోలేడు. ఆ డిసెంబరులో ఉత్తమ గేమ్‌కు ఎంపికైన ఆరు పేర్లలో ఔటర్ వైల్డ్స్ లేదు. ది ఔటర్ వరల్డ్స్ ఉంది. పేర్లు కలగాపులగమై ఓట్లు పక్కింటికి వెళ్లిపోయాయని మా బావమరిది ఇప్పటికీ అంటాడు. వాడికి ఎకసెక్కెం ఎక్కువ. నాలుగు నెలల తర్వాత, 2020 ఏప్రిల్లో, బ్రిటన్‌లో సినిమాలకు, గేమ్‌లకు బహుమతులిచ్చే బాఫ్టా వాళ్లు ఉత్తమ గేమ్ బహుమతి ఔటర్ వైల్డ్స్‌కే ఇచ్చారు.

అదొక్కసారే అయితే పోనీలే అనుకోవచ్చు. 2022 డిసెంబరులో ఎల్డెన్ రింగ్ గెలిచింది. గెలవాల్సిందే, నాకు పేచీ లేదు. ఆ ఆరు పేర్లలో వాంపైర్ సర్వైవర్స్ ఊసే లేదు. లూకా గలాంటే అనే అతను మొదలుపెట్టిన చిన్న గేమ్ అది. కాఫీ ఖరీదు, పాతకాలపు బొమ్మలు, మీట నొక్కే పని కూడా లేదు, నడిస్తే చాలు. 2023 వసంతంలో బాఫ్టాలో ఎల్డెన్ రింగ్‌ను, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌ను పక్కకు నెట్టి ఉత్తమ గేమ్ అయింది. మూడు నాలుగు నెలల వ్యవధి ఇస్తే మనసు కుదుటపడి, ప్రచారం హోరు తగ్గి, ఏది నిలిచిందో కనపడుతుంది. ప్రతిసారీ అలాగే జరుగుతుందని చెప్పను. బాల్డర్స్ గేట్ 3, ఆస్ట్రో బాట్ రెండు చోట్లా గెలిచాయి. అయినా జాబితాను క్రిస్మస్‌కు కాకుండా ఉగాదికి వేస్తే మీ కొంపలేం మునుగుతాయి? మేం ఏడాది మంచిచెడ్డలు ఉగాదినాడే వింటాం. పచ్చడిలో వేపపువ్వు కూడా వేస్తాం. మీ జాబితాల్లో పది స్థానాలూ బెల్లమే.

ఆ తేదీ దాటి వచ్చిన గేమ్‌ను ఆ ఏటి పోటీకి తీసుకోమంటూ గేమ్ అవార్డ్స్ వాళ్లు నవంబరులో గీసే గీత సంగతి వేరే చెప్పాలి. 2018 డిసెంబరు 7న వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ 2019 పోటీలో నిలబడింది. ఇండియానా జోన్స్ గేమ్ 2024 డిసెంబరు 9న వచ్చింది, ఆ ఏటి బండి తప్పిపోయింది. మాకూ మార్చి 31 అనే గీత ఉంది కాబట్టి గీత గీయడాన్ని తప్పు పట్టను. కానీ మా పద్ధతిలో ఇంకో ఏర్పాటు ఉంది. మార్చి 31 తర్వాత, సంతకం పెట్టేలోపు, లెక్కల్ని మార్చేసే సంగతి ఏదైనా జరిగితే దాన్ని నోట్‌గా రాయాలి. గొడౌన్ తగలబడిందనుకోండి, పెద్ద బాకీదారు దివాలా తీశాడనుకోండి, తెలిసీ రాయకపోతే తప్పు మాది.

సైబర్‌పంక్ 2077 దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 2020 డిసెంబరు 10న విడుదల. అంతకుముందు మీకు రివ్యూ కోసం ఇచ్చింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. మీరు స్వయంగా తీసిన వీడియో చూపించడానికి కూడా ఒప్పుకోలేదు. మీలో చాలామంది పదికి తొమ్మిది రాశారు. జనం టీవీకి తగిలించే సోనీ మెషీన్ పీఎస్ 4 మీద ఆడితే మనుషులకు మొహాలు రాలేదు, కార్లు రోడ్డులో కూరుకుపోయాయి. వారం తిరగ్గానే, డిసెంబరు 18న, సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. మూడేళ్లు మరమ్మతు చేశాక, 2023లో అదే గేమ్‌కు గేమ్ అవార్డ్స్‌లో నిరంతరంగా నడుస్తున్న గేమ్‌ల విభాగంలో బహుమతి వచ్చింది. 2016లో అందరూ తిట్టిపోసిన నో మ్యాన్స్ స్కైకి కూడా అదే బహుమతి 2020లో దక్కింది. అమాంగ్ అస్ ఇంకా విడ్డూరం. 2018లో వచ్చినప్పుడు కుక్క కూడా మొరగలేదు. కరోనా ఏడాదిలో లోకమంతా ఇళ్లలో కూర్చుని ఆడితే, 2020లో మల్టీప్లేయర్, మొబైల్ బహుమతులు రెండూ తీసుకుపోయింది. 2018 జాబితాలు వేసినవాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ జాబితాలు ఈనాటికీ అలాగే పడున్నాయి, కింద ఒక్క నోట్ లేకుండా. పాత జాబితా తెరిచి "దీన్ని అప్పట్లో తక్కువ అంచనా వేశాను" అని రెండు ముక్కలు చేర్చడానికి ఏ ప్యాచ్ డౌన్‌లోడ్ చేయాలి?

ఇంకో ముక్క. 2024లో స్టీమ్ వాడుకదారులు ఆడిన మొత్తం సమయంలో, ఆ ఏడాది వచ్చిన గేమ్‌ల వాటా 15 శాతమే. మిగతా 85 శాతం పాతవే ఆడారు. అంటే డిసెంబరులో మీరంతా కలిసి చర్చించేది మా జీవితంలో ఏడో వంతు. మిగతా ఆరు వంతుల్లో మా ఇంట్లో స్టార్‌డ్యూ వ్యాలీ ఉంది. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి అందులో గుమ్మడికాయలు పండించి, అమ్మిన డబ్బుతో కోళ్లగూడు కట్టి, కోడికి మా ఆడిటర్ గారి పేరు పెట్టింది. ఆయనకు తెలియదు.

ఇప్పుడు మెషీన్ సంగతి. ఇది నా సొంత గోడు, కాస్త ఓపిక పట్టండి.

పోయినేడు ఒక పెద్ద గేమ్, పేరెందుకులెండి, మీలో సగం మంది మొదటి మూడింట్లో పెట్టారు. పండగ బోనస్ రాగానే కొన్నాను. నాది అయిదేళ్ల కిందటి లాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డ్ మెమరీ 4 జీబీ. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్నే లేచి చూశాను. మొదటి ఊళ్లో అడుగుపెట్టేసరికి సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు పదమూడుకు పడిపోయాయి. గుర్రం ఎక్కాను. గుర్రం ముందు వెళ్తోంది, నేల వెనక నుంచి తీరిగ్గా వస్తోంది. కిందికి చూస్తే ఏమీ లేదు, బూడిదరంగు. నీడలు తీసేశాను, గడ్డి తీసేశాను, నీళ్లలో ప్రతిబింబాలు తీసేశాను, ఆఖరికి రిజల్యూషన్ ఎంత తగ్గించానంటే మనుషుల ముక్కు, చెవి కలిసిపోయాయి. రెండు గంటలు దాటితే డబ్బు వాపసు ఇవ్వరు. ఈ సెట్టింగ్‌లు మార్చడంలోనే గంటా యాభై నిమిషాలు అయింది. మిగిలిన పది నిమిషాల్లో ఏం నిర్ణయించుకోను? మీరు రాసిన "కళ్లు చెదిరే లోకం" అనే మాట మళ్లీ వెళ్లి చదివాను. ఏ మెషీన్ మీద చెదిరాయో రాయలేదు.

కన్సోల్ కొనుక్కోవచ్చుగా అంటారు. పీఎస్ 5 అమెరికాలో 2020 నవంబరు 12న వచ్చింది. మాకు 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయలకు. మొదటి దఫా నిమిషాల్లో అయిపోయింది. దానికోసం వచ్చిన పెద్ద గేమ్ ఒక్కోటీ 4,999. అంటే 2020 జాబితాల్లో మీరు ఎక్కించిన పీఎస్ 5 గేమ్‌లు మా దగ్గర అప్పటికి మెషీనే లేని గేమ్‌లు. నింటెండో అయితే మరీ. మన దేశంలో అధికారికంగా అమ్మకాలే లేవు. ఈ ఏటి ఆరింటిలో ఉన్న డాంకీ కాంగ్ బనాంజా ఆడాలంటే నింటెండో మెషీన్ స్విచ్ 2ను ఎవరో ఒకరు దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో సూట్‌కేసులో తేవాలి, లేదా గ్రే మార్కెట్లో వారంటీ లేకుండా కొనాలి. మా కోసం ప్రత్యేక జాబితా వేయమని అడగను. "దీన్ని ఫలానా మెషీన్ మీద, ఫలానా సెట్టింగ్‌లో, సంస్థ ఉచితంగా ఇచ్చిన కాపీతో ఆడాను" అని ఒక్క పంక్తి. సోపు డబ్బా మీద బరువు రాసినట్టు.

భాష గురించి అడిగితే మీరు కొంచెం ఇబ్బంది పడతారేమో. బ్లూ ప్రిన్స్ అనే గేమ్ ఈ ఏడాది మీ జాబితాల్లో చాలాచోట్ల ఉంది. పాతకాలపు బంగళా. 45 గదులు. గదులు రోజూ కొత్తగా మనమే పేర్చుకుంటూ, లేని 46వ గదిని వెతకాలి. అద్భుతమైన ఊహ. పేరులోనే శ్లేష, గట్టిగా పలికితే బ్లూప్రింట్స్ అని వినిపిస్తుంది. లోపలా అంతే. గేమ్ సగం ఇంగ్లిష్ మాటల గారడీ మీద నడుస్తుంది. గోడ మీద రెండు బొమ్మలుంటాయి, వాటిని ఇంగ్లిష్‌లో ఏమంటారో తట్టాలి, తట్టాక అక్షరం దగ్గర తేడా పట్టాలి. నేను ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. ఒక బొమ్మ దగ్గర మూడు సాయంత్రాలు ఆగిపోయాను. అది ఏ వస్తువో తెలుసు, మా తాతయ్య కొట్టంలో ఉండేది, తెలుగు పేరు తెలుసు. ఇంగ్లిష్ పేరు నా నోట ఎప్పుడూ పలకలేదు. ఇది గేమ్ తప్పు కాదు. మన అవధానాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే ఎవరు మార్చగలరు? కానీ "ఈ ఏడాది అత్యంత తెలివైన పజిల్" అని రాసినప్పుడు, అది ఎవరి భాషలో తెలివైనదో కూడా రాయాలి కదా. వంద జాబితాలు వెతికితే ఆ ముక్క ఒకటి రెండు చోట్ల దొరికితే గొప్ప.

దీనికి తిరగేసిన అనుభవం కూడా నాకుంది. వెన్బా అని 2023లో టొరంటోలో ఉండే చిన్న బృందం తీసింది. తమిళ కుటుంబం, 1988, కెనడాకు కొత్తగా వెళ్లారు. ఇల్లాలు వెన్బాకు వాళ్లమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం పాడైపోయి అక్షరాలు అలుక్కుపోయాయి. పోయిన అక్షరాలను ఊహించి వంట పూర్తి చేయడమే పజిల్. మొదటిది ఇడ్లీ. నేను మౌస్‌తో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాను. వెనక కుర్చీలో మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టీవీ అనుకుని చూస్తోంది. ఉన్నట్టుండి, "అట్లా పెడతావేంట్రా, పై ప్లేటు గుంట కింది గుంట మీదికి వచ్చింది. తిప్పి పెట్టు. ఆవిరెట్లా వెళ్తుంది, పిండి అంటుకోదూ?" అంది. తిప్పాను. పజిల్ విడిపోయింది. అమ్మ మళ్లీ చిక్కుడుకాయల్లోకి వెళ్లిపోయింది. పదేళ్లుగా నేను ఆడే గేమ్‌లను "ఆ తుపాకుల గోల" అనే మనిషి, నా కంటే ముందు ఒక పజిల్ విప్పింది. గంటన్నరలో గేమ్ అయిపోయింది. ఆఖర్లో కొడుకు ఒంటరిగా వంట చేసే చోట అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు రాలేదు. చిక్కుడుకాయలు కుర్చీలోనే ఉన్నాయి.

మీ జాబితాల్లో వెన్బా గురించి ఎలా రాశారో చూశాను. "హత్తుకునే చిన్న గేమ్, కాకపోతే నిడివి తక్కువ." ఇంకొకరు "పజిళ్లు కొంచెం తేలిక" అన్నారు. ఇడ్లీ ప్లేటు ఎప్పుడూ ముట్టుకోనివాడికి తేలికగా ఉందంటే సంతోషమే. బ్లూ ప్రిన్స్‌లో నాకు కష్టమైంది మీకు తేలిక, వెన్బాలో మా అమ్మకు బతుకైనది మీకు "నిడివి తక్కువ". గేమ్ అవార్డ్స్‌లో అది రెండు విభాగాల్లో పోటీకి నిలిచి వట్టి చేతులతో తిరిగొచ్చింది. తర్వాత 2024 వసంతంలో కొత్తవాళ్ల తొలి గేమ్‌కు బాఫ్టా ఇచ్చే బహుమతి దానికే దక్కింది. మళ్లీ వసంతమే, చూశారా. ఉగాది అని ఊరికే అనలేదు.

విభాగాల గొడవలోకి ఎక్కువ వెళ్లను. 2023లో డేవ్ ది డైవర్‌ను ఇండీ విభాగంలో, అంటే పెద్ద సంస్థల అండ లేని గేమ్‌ల విభాగంలో, నిలబెట్టారు, తీసింది నెక్సాన్ అనే కొరియా దిగ్గజం సొంత శాఖ. ఈ ఏడాది ఫ్రాన్స్‌లోని మోంపెలియేకు చెందిన శాండ్‌ఫాల్ వాళ్ల క్లేర్ అబ్‌స్క్యూర్ తొమ్మిది బహుమతులు ఊడ్చుకుపోయింది, ఉత్తమ గేమ్ అదే, ఉత్తమ ఇండీ కూడా అదే. వారం తిరగ్గానే ఇండీ గేమ్ అవార్డ్స్ అనే వేరే సంస్థ తానిచ్చిన బహుమతులను దాని నుంచి వెనక్కి తీసుకుంది, తయారీలో జనరేటివ్ ఏఐ వాడారని. తమ ఉత్తమ గేమ్ బహుమతిని బ్లూ ప్రిన్స్‌కు మార్చింది. ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెడితే, ఒక సంస్థ తన పాత నిర్ణయాన్ని తెరిచి, కారణం రాసి, మార్చింది. నేను పైన అడిగిన నోట్ ఇదే.

క్లేర్ అబ్‌స్క్యూర్ కథ చిత్రంగా ఉంటుంది. పెయింట్రెస్ అనే ఆవిడ ఏటా ఒకసారి లేచి, పెద్ద రాతి మీద ఒక అంకె రాస్తుంది. ఆ వయసున్న వాళ్లంతా పూలరేకుల్లా రాలి గాలిలో కలిసిపోతారు. వచ్చే ఏడు అంకె ఒకటి తగ్గుతుంది. మీరు దానికి వరసపెట్టి మొదటి స్థానం ఇస్తుంటే నాకు నవ్వొచ్చింది. పదకొండో స్థానంలో ఉన్నవాళ్లను అడగండి, ఏటా డిసెంబరులో అంకె రాసేది ఎవరో చెబుతారు.

ఇదంతా సరదా కదా, ఎందుకింత పట్టింపు అంటారా? డబ్బుంది కాబట్టి. 2010లో ఫాల్అవుట్ న్యూ వెగాస్ తీసిన ఒబ్సిడియన్ వాళ్లకు, విమర్శకుల మార్కులను కలిపి లెక్కగట్టే మెటాక్రిటిక్ సైట్లో సగటు 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కు. ఆ గేమ్‌ను ఇవాళ ఎంతమంది తలకెత్తుకుంటున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. పదో తరగతిలో ఒక్క మార్కుతో క్లాసు పోయినవాడి ఇంట్లో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. మాకు రీకౌంటింగ్ అయినా ఉంది.

అలాగని మీ మెచ్చుకోలు ఎవరినైనా కాపాడుతుందా అంటే అదీ లేదు. 2023 జనవరిలో ముందస్తు హడావుడి లేకుండా దిగిన హై-ఫై రష్‌ను మీరు నెత్తిన పెట్టుకున్నారు, సౌండ్ డిజైన్ బహుమతి కూడా వచ్చింది. 2024 మేలో ఆ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్‌ను మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత దాన్ని ఆదుకున్నది ఎవరనుకున్నారు? క్రాఫ్టన్. మన పిల్లలు పొద్దస్తమానం ఆడే ఫోన్ గేమ్ బీజీఎంఐ వాళ్లు. మా వీధి చివర టీ కొట్టు దగ్గర చికెన్ డిన్నర్, అంటే ఆ ఆటలో గెలుపు కోసం అరుచుకునే కుర్రాళ్లు స్కిన్‌లకు, అంటే బొమ్మల వేషాలకు, పెట్టే డబ్బు ఎక్కడో ఒకచోట టోక్యో స్టూడియోకు కూడా చేరిందన్నమాట. ఆ కుర్రాళ్ల గేమ్ మాత్రం మీ జాబితాల్లో ఎప్పుడూ ఉండదు. ఉండాలని నేనూ అనను, నాకూ పెద్దగా నచ్చదు. ఆడి చూసి వదిలేశారా, ఆడకుండానే వదిలేశారా అన్నది మాత్రం తెలుసుకోవాలని ఉంది.

మన వీడియో సోదరులకు రెండు ముక్కలు. తమ్ముళ్లూ, మీ కష్టం నాకు తెలుసు. "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టి, ఇంగ్లిష్ జాబితాను పది నిమిషాల్లో తెలుగులో చదివేస్తే వ్యూస్ వస్తాయి. కానీ మీలో చాలామంది ఆడేది నా లాంటి లాప్‌టాప్ మీదే, లేదంటే ఫోన్ మీద. ఆ మెషీన్ మీద ఏది నడిచింది, ఎక్కడ వేడెక్కింది, ఏ గేమ్‌కు ఎంత ఇంగ్లిష్ కావాలి, ఏది సేల్‌లో సగం ధరకు వచ్చేదాకా ఆగొచ్చు అన్నది అమెరికాలో ఏ విమర్శకుడూ చెప్పలేడు. మీరు చెప్పగలరు. చెప్పకుండా వాళ్ల విశేషణాలను తర్జుమా చేస్తున్నారు. "మాస్టర్‌పీస్" అన్న మాటను తెలుగులో "మాస్టర్‌పీస్ రా బాబూ" అన్నంత మాత్రాన అది మీ అభిప్రాయం అయిపోదు.

ఇంత మాట్లాడినవాడు తన లెక్క చూపించకపోతే బాగోదు. ఇదిగో నా 2025 జాబితా, నోట్స్‌తో సహా.

ఈ ఏడాది విడుదలైనవాటిలో నేను ముట్టుకున్నవి నాలుగే. బ్లూ ప్రిన్స్: 26 గంటలు, సొంత లాప్‌టాప్, సేల్‌లో కొన్నది, 46వ గది చేరలేదు, ఇంగ్లిష్ దెబ్బ. అయినా ఈ ఏటి గేమ్‌ల్లో నిద్రలో కూడా వెంటాడింది ఇదే. హాలో నైట్ సిల్క్‌సాంగ్: 9 గంటలు. 2019లో ప్రకటించిన గేమ్ కోసం ఆరేళ్లు ఎదురుచూసి, ఒక బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ముప్పై ఒక్కసార్లు చచ్చి ఆపేశాను. తప్పు నా వేళ్లదా గేమ్‌దా అన్నది తేలలేదు, కాబట్టి అభిప్రాయం షరతులతో కూడినది. హేడిస్ 2: 17 గంటలు, బాగుంది, మొదటిది ఇంకా బాగుంది. క్లేర్ అబ్‌స్క్యూర్: 14 గంటలు, హైదరాబాద్‌లో బావమరిది పీఎస్ 5 మీద, నాలుగు ఆదివారాలు, మధ్యమధ్య బిర్యానీ విరామాలు. సగం కూడా కాలేదు. మా భాషలో దీన్ని డిస్‌క్లెయిమర్ ఆఫ్ ఒపీనియన్ అంటారు. చాలినంత సాక్ష్యం చేతిలో లేదు, కనుక ఏమీ చెప్పను.

ఈ ఏడాది ఎక్కువ గంటలు ఆడింది 2016 నాటి స్టార్‌డ్యూ వ్యాలీ, మా అమ్మాయితో కలిసి, 140. ఇందులో సుమారు ముప్పై గంటలు నేను సోఫాలో నిద్రపోయి ఉన్నాను, కంట్రోలర్ చేతిలోనే ఉంది. ఈ సంగతి అమ్మాయి చెప్పింది, రాయమంది.

ఆడనివి: 2025లో వచ్చిన మిగతావన్నీ.

వెన్బా మళ్లీ పెట్టమని పోయిన వారం అమ్మ అడిగింది. పాతదైనా పట్టికలో చేరుస్తున్నాను, గంటన్నర, రెండోసారి. ఈసారి మౌస్ తనే పట్టుకుంది.

ఇట్లు,
గవర్నర్‌పేట నుంచి ఒక ఆడిట్ గుమాస్తా
(సంతకం)